పేరున్న ముద్ర

సాక్షి బోనులో నిలబడి కిడాంబి రంగమన్నారు చెప్పిన మాటల్లో ఒక్కటీ అబద్ధం లేదు. ఆ తరవాత ఆయనను ఎక్కువగా దహించినది ఆ సంగతే.

జీవముద్ర అంటే ఏమిటో తేలిక మాటల్లో చెప్పమని న్యాయమూర్తి అడిగినప్పుడు, ఆయన తనకు బాల్యంనుంచి పరిచయమైన పోలికనే ఎత్తుకున్నారు. వేదం వల్లించేవారు ఘనపాఠంలో ఒకే పదాన్ని ముందుకూ వెనక్కూ తిప్పి మళ్ళీ మళ్ళీ పలుకుతారు. మనిషి ఒంట్లో కణం కణంలోనూ చుట్టుకొని ఉన్న డీఎన్ఏ అనే దీర్ఘపాఠంలోనూ అటువంటి తావులున్నాయి. నాలుగైదు అక్షరాల తునక ఒకటి అక్కడ వరసగా ఆవృత్తి అవుతూ ఉంటుంది. ఒకరిలో ఏడు ఆవృత్తులుంటే మరొకరిలో పదకొండు ఉంటాయి. ప్రతి తావునా ఒక లెక్క తల్లి ఇచ్చినది, మరొకటి తండ్రి ఇచ్చినది. అటువంటి తావులు ఇరవై ఏరి, ఆ లెక్కలన్నీ దండగా గుచ్చితే వచ్చే వరుస, ఒకే అండంనుంచి పుట్టిన కవలలకు తప్ప, ఇద్దరికి ఒకటిగా ఉండదు. ఆ వరుసకే జీవముద్ర అని పేరు.

"మృతుడు దాడి సత్యారావుగారి జుట్టునుంచి తీసిన నమూనాలో ఈ ముద్దాయి ముద్ర ఉందా?" అని ప్రభుత్వ న్యాయవాది అడిగారు.

"ఉంది."

"మీ యంత్రం పొరబడి ఉండవచ్చునా?"

"చదవడంలో అది పొరబడదు" అన్నారు రంగమన్నారు.

ఆ యంత్రానికి ఆయన పెట్టుకున్న పేరు అణుచక్షువు. అంతకుముందు ముద్ర చదవాలంటే నెత్తుటి మరకో, కుదురుతో ఊడిన వెంట్రుకో కావాలి; దినాల తరబడి వేచి ఉండాలి. అణుచక్షువుకు ఒక్క కణం చాలు. దాన్నే వేలకు వేలుగా ప్రతులు తీసుకొని, ఆవృత్తులు లెక్కించి, పోలీసుశాఖవారి ముద్రల భాండాగారంలో వెతికి, కాఫీ చల్లారేలోపల పేరు చెబుతుంది. తుపానులో చెదిరిపోయిన పడవలవాళ్ళ శరీరాలు గుర్తుపట్టరాకుండా ఒడ్డుకు కొట్టుకువచ్చినప్పుడు, ఏ తల్లికి ఏ బిడ్డను అప్పగించాలో చెప్పినది అదే. ఆసుపత్రిలో తారుమారైన పసికందులను అసలు తల్లుల ఒడికి చేర్చినదీ అదే. దానికి మొదటి హారతి ఇచ్చినవారు రంగమన్నారుగారి పెదనాన్న, భీమునిపట్నం రంగనాయకస్వామి కోవెల ప్రధానార్చకులు వరదాచార్యులుగారు.

సత్యారావుగారు ఆ ఊళ్ళోనే వలల వ్యాపారం చేసి విశ్రాంతి తీసుకున్న పెద్దమనిషి. ముక్కోటి ఏకాదశినాడు ఉదయం కోవెలకు వెళ్ళి ఇంటికి వచ్చారు. మధ్యాహ్నానికి హాల్లో శవమై కనిపించారు. ఎవరో జుట్టు ఒడిసిపట్టి తలను గుమ్మపు రాతికి మోదారు. కనుక జుట్టులో ఎవరి కణాలుంటే వారే హంతకులని అందరికీ తోచింది. అణుచక్షువు చెప్పిన పేరు పిల్లా గవర్రాజు. రేవులో చేపలకు మంచుదిమ్మలు మోసే కూలివాడు. పూర్వం మంచు ఫ్యాక్టరీ సమ్మెలో పోలీసులు పట్టుకెళ్ళి, విడిచిపెట్టేముందు అతని లాలాజలం తీసుకున్నారు. అందుచేత అతని ముద్ర భాండాగారంలో ఉంది.

రంగమన్నారు బోను దిగి వస్తుంటే గవర్రాజు చేతులు జోడించాడు. పక్కనున్న కానిస్టేబులు వారిస్తున్నా ఆగలేదు.

"నాను ఆ బాబుగారి గుమ్మం తొక్కనేదు సామీ. ఆ పొద్దు ముక్కోటని కోవెలకొచ్చినాను. తవరే కదా నా నెత్తిన సటారి పెట్టినారు. సామి పాదాలు సోకిన నెత్తి, ఆ పూటే పోయి మనిషిని సంపుతాదా?"

అతడు అడిగినది భక్తికి సంబంధించిన ప్రశ్న. రంగమన్నారు చెవికి అది మరొక విధంగా సోకింది. ఆయన అడుగు అక్కడే నిలిచిపోయింది.

*

కిడాంబివారి వంశంలో ఒక ఆచారముంది. ఎంత చదివినవారైనా, ఎక్కడ ఉద్యోగం చేస్తున్నా, ముక్కోటినాడు కోవెలకు వచ్చి కైంకర్యంలో పాలుపంచుకోవాలి. ఆ ఏడు వరదాచార్యులుగారికి భుజం నొప్పిగా ఉండడంవల్ల, తీర్థం ఆయన ఇస్తుంటే, శఠారి రంగమన్నారు పట్టారు. స్వామి పాదాలు పైన తీర్చిన వెండి గిన్నె అది. వరసలో వచ్చే ప్రతివారి శిరస్సునా బోర్లించి ఆశీర్వదించాలి. ఒక తల మీదినుంచి మరొక తలకు పోయేటప్పుడు దాన్ని తుడవకూడదన్నది ఆ కోవెల కట్టడి. తుడిస్తే తలకూ తలకూ భేదం పాటించినట్టని పెద్దలు చెబుతారు.

ఆ రోజు తాను ఎన్నివందల తలలమీద ఆ గిన్నెను బోర్లించారో రంగమన్నారుకు తెలియదు. మంచు తడి, కొబ్బరినూనె, చుండ్రు, చెమట. ఒకరి తలనుంచి లేచిన అంచు మరొకరి తలమీద దిగింది. ఆ వరసలో సత్యారావుగారు మంకీ టోపీ తీసి తల వంచడం, తిరిగి తొడుక్కోవడం ఆయనకు కళ్ళకు కట్టినట్టు గుర్తుకువచ్చింది. గవర్రాజు మాత్రం గుర్తు రాలేదు. అంతమందిలో గుర్తు రాకపోవడం సహజమే అయినా, ఆ సహజత్వానికి ఆయన సిగ్గుపడ్డారు.

కోర్టునుంచి నేరుగా భీమునిపట్నం వెళ్ళి పెదనాన్నగారికి సంగతి విన్నవించారు. వరదాచార్యులుగారు తులసిమాల కడుతూ చివరిదాకా విన్నారు. శఠారి అంచును దూదితో ఒక్కసారి తుడిచి పరీక్షించుకోనిమ్మని అడిగేసరికి ఆయన చేతిలోని నార ఆగింది.

"స్వామి పాదాలను ముద్దాయిల బోనులో నిలబెడతావుట్రా?"

"పాదాలమీద నింద కాదు, పెదనాన్నగారూ. అంచుకు అంటినది మనుషుల కణాలు."

"ఊళ్ళో మాట అలా వెళ్ళదు. కోవెలకు పోతే ఎవడి పాపమో నెత్తికి అంటుకుంటుందని వెళుతుంది. రేపు ఒక్కడు తల వంచడు."

ఒక నిరపరాధి ప్రాణం దీనిమీద ఆధారపడి ఉందని రంగమన్నారు మొత్తుకున్నారు. నిరపరాధిని రక్షించడానికి రంగనాథుడున్నాడని పెద్దాయన అన్నారు. రక్షించడానికి ఆయన తమ చేతులనే సాధనంగా ఎంచుకుంటే ఏం చేయాలని రంగమన్నారు అడిగారు. పెదనాన్నగారు తులసిమాల ముడి బిగించి, ఇకమీదట రంగమన్నారు శఠారి ముట్టనక్కరలేదని మాత్రం శాంతంగా చెప్పి, సాయంత్రపు ఆరాధనకు లేచారు.

నెలలు గడిచి, చింతపండుతో ఎన్నోసార్లు తోమిన ఆ గిన్నెమీద మిగిలినదేమీ ఉండదని రంగమన్నారుకు దారిలో తోచింది. దొరకని వస్తువు కోసం ఇంటి పెద్దతో మాట పోగొట్టుకున్నానని తనమీద తనకే కోపం వచ్చింది.

*

ప్రయోగశాలలో ఆయనకు కుడిభుజం డాక్టర్ షాహీన్. యంత్రాన్ని నిర్మించిన నాటినుంచి ఉన్న మనిషి. శఠారి సంగతి వినగానే ఆమె వెళ్ళి క్యాంటీన్ నుంచి ఒక ఇత్తడి గిన్నె తెచ్చింది. మధ్యాహ్నం భోజనానికి వెళ్ళే సిబ్బందిని వరసగా నిలబెట్టి, రంగమన్నారు ఒక్కొక్కరి తలమీద దాన్ని బోర్లించారు. తన వంతు రాగానే షాహీన్ చున్నీ సవరించుకుంది.

"మా అమ్మ చూస్తే మీ మతంలో కలిపేశారనుకుంటుంది సర్. అది సాంబారు గిన్నె అని రాసివ్వండి."

నవ్వులు ఆగాక, ప్రతి తలనుంచీ దూది పుల్లతో నమూనా తీశారు. పేర్ల కోసం భాండాగారంలో వెతకనివ్వకుండా, యంత్రం లెక్కించిన ఆవృత్తులనే నేరుగా చదివారు. ఫలితం చూసినవారెవరూ మళ్ళీ నవ్వలేదు. వరసలో ముందు నిలబడిన స్టోర్‌కీపరు ముద్ర, అతని వెనక చాలామంది తలల్లో, క్రమంగా సన్నగిల్లుతూ కనిపించింది. వారిలో కొందరు అతనితో ఏనాడూ మాట్లాడి కూడా ఎరుగరు.

అయితే మరొక చిక్కు తేలింది. ప్రతి తలలోనూ ముందున్నవారందరి ముద్రలూ కలగలిసి ఉన్నాయి. మరి సత్యారావుగారి జుట్టులో ఒక్క గవర్రాజుదే ఎలా కనబడింది?

షాహీన్ యంత్రానికి తాము తొలినాళ్ళలో రాసిన ఆజ్ఞలను ఒక్కొక్కటే పైకి తెచ్చింది. వాటిలో రెండు రంగమన్నారు స్వయంగా రాసినవే. ఒకే నమూనాలో పదిమంది ముద్రలు గొంతుల్లా కలగలిసి వినిపిస్తే పోలీసు అధికారులు తికమకపడుతున్నారని, భాండాగారంలో పేరు దొరకని ముద్రలను దుమ్ముగా ఎంచి తొలగించమన్నది మొదటిది. ప్రయోగశాలవారి చేతి అంటు నమూనాలో పడవచ్చు గనుక, సిబ్బంది ముద్రలను కూడా చడీచప్పుడు లేకుండా తీసివేయమన్నది రెండవది.

"అంటే ఆ జుట్టులో ఊరంతా ఉన్నా, ఇది ఒక్కడినే చూపించేది" అంది షాహీన్. "ఎవడి పేరు దానికి తెలుసో వాడిని."

"నన్ను కూడా తీసివేసి ఉంటుంది" అన్నారు రంగమన్నారు.

ఆ జుట్టు నమూనాను తిరిగి చదవడానికి వీలు లేదు. అణుచక్షువు చదివినదాన్ని పూర్తిగా కరిగించి వాడుకుంటుంది. తొలగించిన ముద్రలను జ్ఞాపకంలోనూ ఉంచుకోదు. సత్యారావుగారి దేహం ఏనాడో అగ్నికి ఆహుతి అయింది. అంత సూక్ష్మంగా చూడగల కన్నును తయారుచేసి, దానికి చూసినది మరిచిపొమ్మని నేర్పినవాణ్ణి నేనే కదా అని ఆయన తల పట్టుకున్నారు.

చివరకు గుర్తుకువచ్చినది మంకీ టోపీ. దాన్ని పోలీసులు మృతుని దుస్తులతోపాటు సంచీలో కట్టి సీలు వేశారు. పేరు ముందే దొరికింది గనుక ఎవరూ దాన్ని పరీక్షించలేదు. గవర్రాజు తరఫు వకీలు కోరిక మీద కోర్టు అనుమతించింది గాని, ప్రయోగశాల సంచాలకులు అడ్డం పడ్డారు. ఈ యంత్రం చెప్పినదాన్ని నమ్మి ఎన్ని కేసుల్లో శిక్షలు పడ్డాయో తెలుసునా అని ఆయన నిలదీశారు. తెలుసు గనుకనే అడుగుతున్నానని రంగమన్నారు అన్నారు. అనుమతి కాగితం వారాల తరబడి బల్ల మారుతూ తిరిగింది. ఆ వారాలన్నీ గవర్రాజు జైలులోనే ఉన్నాడు.

ఆ నడుమ ఒకనాడు సత్యారావుగారి కుమార్తె హైమావతి ప్రయోగశాలకు వచ్చింది. టోపీ సంగతి ఎవరో ఆమెకు చెప్పారు. కుర్చీ చూపినా కూర్చోలేదు.

"వాణ్ణి విడిపించడానికి మా నాన్న టోపీ కావలసి వచ్చిందా మీకు?"

రంగమన్నారు జరిగినదంతా దాచకుండా చెప్పారు. ఆమె కన్నీరు తుడుచుకోకుండానే విన్నది.

"అయితే మా నాన్న జుట్టు పట్టుకున్న చెయ్యి ఎవరిదో మీ యంత్రం చెప్పగలదా, లేదా?"

"ఆ గొంతుల్లో అదీ ఒకటై ఉండవచ్చునమ్మా. చేతికి తొడుగు ఉంటే అదీ ఉండదు. ఏది ఎవరిదో చెప్పలేను."

"ఈ ముక్క మొదటి రోజునే చెప్పి ఉంటే, పోలీసులు వీధి వీధీ తిరిగి అడిగేవారు కదండీ. మీరు పేరు చెప్పారని అడగడం మానేశారు. మా పక్కింటివాళ్ళను సైతం ఒక్క మాట అడగలేదు. ఇప్పుడు ఎవరికి ఏం గుర్తుంటుంది?"

 ఆమె వెళ్ళిపోయాక, రంగమన్నారు అనుమతి కాగితం కోసం మళ్ళీ సంచాలకుల గదికి నడిచారు.

*

టోపీని షాహీన్ ఒక్కతే చదివింది. తన చేతి అంటు పడిందన్న మాట రాకుండా రంగమన్నారు గది బయట, అద్దానికి ఇవతల నిలబడ్డారు. తొలగించే ఆజ్ఞలు రెండింటినీ ఆమె ముందే చెరిపివేసింది.

తెరమీద గీతలు ఒకదానిమీద ఒకటి లేవసాగాయి. యంత్రం వాటిని విడదీసుకుంటూ పోయింది. మగవారు, ఆడవారు, ఒకే ఇంటివారని పోలికలు చెబుతున్న ముగ్గురు. ముక్కోటినాటి వరస ఆ ఉన్నిలో ఉన్నదున్నట్టు నిలిచిపోయింది. వాటిలో గవర్రాజు గొంతు మధ్యస్థంగా ఉంది. అతనికంటె పెద్దగా వినిపించినవి అనేకం. శఠారి పట్టిన చేతిది ఆ పెద్దవాటిలో ఒకటి. షాహీన్ అద్దంలోనుంచి ఆయన వంక చూసి, వేలు ఆయనకేసి చూపి, తల పంకించింది.

మళ్ళీ బోను ఎక్కినప్పుడు ప్రభుత్వ న్యాయవాది ఆయనను సూటిగా పట్టుకున్నారు. ముద్దాయి ముద్ర టోపీలోనూ ఉన్నదా లేదా అని అడిగారు.

"ఉంది. నాదీ ఉంది."

"మీరు నిపుణులు. ముద్దాయి కాదు."

"ఆ తేడా యంత్రానికి తెలియదు. నేను నేర్పాను" అన్నారు రంగమన్నారు. "పేరున్న ముద్రను మాత్రమే చూపమన్నాను. భాండాగారంలో పేర్లు ఎవరివి? ఎప్పుడో ఒకసారి పోలీసులు పట్టుకున్నవారివి. ఆ రోజు ఆ వరసలో గవర్రాజుకు ముందూ వెనకా ఉన్నవారెవరినీ పోలీసులు పట్టుకోలేదు. ముద్ర ఉండడమే సాక్ష్యమైతే, ముందుగా నన్ను పట్టుకోమనండి. నా ముద్ర అతని ముద్రకంటె స్పష్టంగా ఉంది."

న్యాయమూర్తి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన కూడా ముక్కోటినాడు ఏదో ఒక కోవెలకు వెళ్ళేవారే అయి ఉంటారు. ఆయన చెయ్యి అప్రయత్నంగా తలవైపు పోయి, మధ్యలో ఆగింది.

తీర్పు రావడానికి మరికొంత కాలం పట్టింది. గవర్రాజును విడుదల చేశారు. కాని నిర్దోషి అన్న మాట ఆ తీర్పులో ఎక్కడా లేదు. సాక్ష్యం చాలలేదు గనుక సంశయలాభం ఇచ్చి వదులుతున్నామని ఉంది. అణుచక్షువును ఆపివేయాలని రంగమన్నారు పెట్టుకున్న వినతికి, విధానాన్ని పరిశీలిస్తున్నామన్న జవాబు వచ్చింది. యంత్రం పని ఆగలేదు.

కోర్టు వరండాలో గవర్రాజు ఆయన కాళ్ళకు మొక్కబోతే ఆయన వెనక్కు తగ్గారు. చిక్కి సగమైన మనిషి. మంచు మోసిన భుజాలు వంగిపోయాయి.

"మరి ఆ మిషన్లో నా పేరు తీసేత్తారా సామీ?"

రంగమన్నారు ఆ సంగతి అప్పటికే విచారించి ఉన్నారు. ఒకసారి ఎక్కిన ముద్రను చెరపడానికి నిబంధన లేదు. పైగా ఇప్పుడు దాని పక్కన హత్య కేసు, సంశయలాభం అని మరొక వాక్యం చేరింది. ఏ నమూనాలో అతని కణం ఒక్కటి పడినా, యంత్రం ఇకమీద ఆ వాక్యంతో సహా పలుకుతుంది. ఆయన తల అడ్డంగా ఊపారు.

"అయితే వొదిలినట్టు కాదు" అన్నాడు గవర్రాజు. అతని గొంతులో కోపం లేదు. లెక్క సరిచూసుకున్నట్టుగా ఉంది. "రేపు బస్సులో ఎవుడికో నా సెయ్యి తగిలినా నానే కదా బాబూ."

*

మరునాడు ఉదయం అనుష్ఠానం ముగించుకొని, నుదుట తిరుమణి నామాలు దిద్దుకొని, రంగమన్నారు విశాఖపట్నంలో పోలీసువారి ముద్రల సేకరణ కేంద్రానికి వెళ్ళారు. తన ముద్రను భాండాగారంలో చేర్చుకోమని అడగడానికి. ఒక్కరి పేరుతో ఏమీ మారదని ఆయనకు తెలుసు. అయినా పేరున్నవారి వరసలో తానూ నిలబడకుండా ఉండలేకపోయారు. తరవాత పెదనాన్నగారిని, సంచాలకులను, వీలైతే ఆ న్యాయమూర్తిని కూడా అడగాలని మనసులో అనుకున్నారు.

కిటికీ అవతల ఉన్న మహిళా కానిస్టేబులు ఆయన నామాలు చూసి లేచి నమస్కరించింది. ఎవరినైనా విడిపించుకోవడానికి వచ్చారా అని అడిగింది. తన లాలాజలం తీసుకొమ్మని ఆయన చెప్పారు.

"కేసు నంబరు చెప్పండి."

"కేసు లేదమ్మా."

"కేసు లేకపోతే ఎలాగండీ? ఆ గడి నింపకపోతే ముందుకు వెళ్ళదు." ఆమె జాలిగా తెరను ఆయనవైపు తిప్పింది. ఖాళీగా ఉన్న గడి ఎర్రగా మెరుస్తున్నది. "చూడండి, మిషను ఒప్పుకోదు."

ముద్రలు చదివే ఆ మిషను తాను చేసినదేనని, తనను ఒప్పుకోవలసిన అవసరం దానికి ఉందని ఆయన వివరించబోయారు. ఆమె ఓపికగానే విన్నది. పైఅధికారికి ఫోను చేసి అడిగింది. ఫోను పెట్టేసి, ఇక ఏమీ చేయలేనన్నట్టు చేతులు తిప్పింది.

"మీలాంటి పెద్దవారికి ఇక్కడ ఏం పని స్వామీ. దేవుడి దయవల్ల మీకు ఆ ఖర్మ పట్టలేదు. ఇంటికి వెళ్ళండి."

ఆయన కదలలేదు. దూది పుల్ల ఒకటి ఇవ్వమని మళ్ళీ అడిగారు.

వెనక అలికిడి అయింది. రోడ్డుకు అడ్డంగా బండి పెట్టాడని ఒక జామకాయల వ్యాపారిని ఇద్దరు పోలీసులు చెయ్యి పట్టి తీసుకువచ్చారు. బండి మీది జామకాయలు దారిలో ఎవరు తినేస్తారోనని అతడు గొణుగుతున్నాడు. కానిస్టేబులు కొత్త పుల్ల విప్పి, "కొంచెం పక్కకు జరగండి స్వామీ" అంది.

రంగమన్నారు పక్కకు జరిగారు. వ్యాపారి, ఎవరూ చెప్పకుండానే, నోరు తెరిచాడు.